ప్రార్థనలో వచ్చిన పెళ్ళికొడుకు

మా పిన్నికి మాట పడిపోయిందని ఊళ్ళో ఎవరన్నా అంటే నాకు ఒళ్ళు మండిపోయేది. పడిపోలేదు, ఆలస్యంగా వస్తోంది, రెండూ ఒకటేనా అని కొట్లాటకు దిగేదాన్ని. కిందటి వేసవిలో ఒక పొద్దున పళ్ళు తోముకుంటూ ఉన్నపళాన పక్కకి ఒరిగిపోయింది మనిషి. గుంటూరు ఆస్పత్రిలో కొన్నాళ్ళు ఉంచుకుని పంపించారు. చెయ్యి స్వాధీనంలోకి వచ్చింది, కాలు వచ్చింది, వంకరపోయిన మూతి సర్దుకుంది. మాట మాత్రం దాని ఇష్టమొచ్చినట్టు తయారైంది. ఒక్కోసారి గడగడా వచ్చేసేది. ఒక్కోసారి చెంచా అనడానికి కూడా తడుముకునేది. ఏ మాట ఎప్పుడు మొండికేస్తుందో ఆమెకే తెలిసేది కాదు.

పిన్ని మా అమ్మకి చెల్లెలు. మిషను బడిలో టీచరుగా చేసి రిటైరైంది. బాబాయి పోయాక నల్లపాడు అవతల మా ఊళ్ళోనే, మా ఇంట్లోనే ఉంటోంది. కానీ ఊరికి ఆమె బడి టీచరుగా కంటే తర్జుమా టీచరమ్మగానే ఎక్కువ తెలుసు. ఏటా మిరప కోతలు అయిపోగానే మా చర్చిలో సువార్త సభలు పెడతారు. ఎక్కడో పై దేశం నుంచి ఒక బోధకుడు వస్తాడు. ఆయన ఇంగ్లీషులో ఒక ముక్క చెప్పి ఆగుతాడు. పక్కనే రెండో మైకు ముందు నిలబడ్డ మనిషి దాన్ని తెలుగులో చెప్పాలి. ఆయన చెయ్యెత్తితే ఈమె చెయ్యెత్తాలి, ఆయన గొంతు తగ్గిస్తే ఈమె తగ్గించాలి. ఆయన నేను పాపిని అంటే ఈమె కూడా నేను పాపిని అనాలి గానీ, ఆయన పాపినంటున్నారండీ అనకూడదు. అంటే జనం నవ్వుతారు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ రెండో మైకు మా పిన్నిదే. వచ్చినాయన ఎంత చప్పగా చెప్పినా పిన్ని నోట పడ్డాక దానికి ఉప్పూ కారం తగిలేవి. ఆడవాళ్ళు కళ్ళొత్తుకునేవాళ్ళు, మగవాళ్ళు నిద్రలోంచి లేచేవాళ్ళు.

ఈ ఏటి సభల సంగతి అడగడానికి సంఘం సెక్రెటరీ గారు ఇంటికి వచ్చినప్పుడు, పిన్ని తల అడ్డంగా ఊపి లోపలికి వెళ్ళిపోయింది. నోరు తెరిచి నా వల్ల కాదు అనను కూడా అనలేదు. ఆయన పాపం నసిగి నసిగి, తాడేపల్లిలో ఒకాయన ఉన్నాడటమ్మా, బాగానే చేస్తాడట, వచ్చే ఆదివారం ఖాయం చేసేస్తాం అని నాతో చెప్పి వెళ్ళాడు. మంచి మనిషే, ఆయన తప్పేమీ లేదు. అయినా ఆయన బండి సందు తిరిగేదాకా నేను ఆయన వీపు వంక గుడ్లురుముతూనే ఉన్నాను.

ఎందుకంటే ఆమెకి ఆ మైకు కావాలి. నాకు తెలుసు. తలుపు వేసుకుని ఫోనులో ఇంగ్లీషు ప్రసంగాలు పెట్టుకుని, పెదవులు కదుపుతూ కూర్చునేది. నేను వెళ్తే ఠక్కున ఆపేసేది. నలుగురి ముందూ మాట ఆగిపోతే, వాళ్ళు జాలిగా చూస్తే, అదే ఆమె భయం. పెళ్ళిళ్ళకు మానేసింది, స్త్రీల సమాజానికి మానేసింది. ఇంట్లో కూడా అవును కాదు అన్నీ తలతోనే. ఆ తాడేపల్లి ఆయన ఒక్కసారి వచ్చి నిలబడితే ఇక ఈమె గడప దాటదని నాకు అనిపించింది. దిగులుగా ఉండేది. దిగులు వస్తే నాకు కోపం కూడా వస్తుంది, అదొక రోగం.

సరిగ్గా ఆ వారమే పాస్టరు గారి భార్య, మేం అమ్మగారు అంటాం, నన్ను పట్టుకుంది. స్త్రీల సమాజం వాళ్ళకి శనివారం సాయంత్రం ఏదన్నా మంచి ఇంగ్లీషు సినిమా వెయ్యమంది. కోతలకు పోయి పోయి ఒళ్ళు హూనమై ఉన్నారు, కాసేపు నవ్వుకుంటారు అంది. నవ్వాలి, నీతి ఉండాలి, ముద్దులు ఉండకూడదు. నేను గుంటూరులో ఒక ప్రైవేటు కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను కాబట్టి ఇంగ్లీషులో ఉన్న సమస్తం నాకు తెలుసని ఆమె నమ్మకం. ముద్దుల్లేని ఇంగ్లీషు సినిమా ఎక్కడ దొరుకుతుందండీ అని అడగబోయి, ఒకటి గుర్తొచ్చి ఆగాను.

అది మా కాలేజీలో పాఠంగా ఉన్న ఒక పాత ఇంగ్లీషు నవలను సినిమాగా తీసింది. గుర్రబ్బళ్ళ కాలం. ఆడవాళ్ళు నేల ఊడ్చే గౌన్లు, మగవాళ్ళు మెడకి గుడ్డలు. ఒక పెద్ద ఇల్లు, ఆ ఇంట్లో ఒక డబ్బున్న మేనత్త. మహా పిసినారి, తేయాకు పెట్టెకి తాళం వేసి చెవి నడుముకి కట్టుకు తిరుగుతుంది. ఆమెకో మేనకోడలు. ఆ పిల్ల మనసుపడ్డ కుర్రాడికి ఆస్తీపాస్తీ లేవని అత్త ఇంట్లో అడుగు పెట్టనివ్వదు. ఎవరు ఎవరింటికి పిలవకుండా వెళ్ళకూడదు, ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలి, ఇదే కథంతా. చివరిదాకా ముద్దు లేదు. చివర్లో ఒకటి ఉంది గానీ అప్పటికి ప్రొజెక్టరుకి చెయ్యి అడ్డం పెట్టొచ్చులే అనుకున్నాను.

తెలుగు ఎవరు చెబుతారు అని అమ్మగారు అడిగింది. నాకు ఆలోచన కూడా లేకుండానే, పిన్ని చెబుతుంది అనేశాను.

ఇంటికి వచ్చి చెప్పేసరికి పిన్ని నావైపు చూసిన చూపుకి నా పై ప్రాణాలు పైనే పోయాయి. బతిమాలాను, అలిగాను, అన్నం మానేస్తానన్నాను. బోధకుడైతే మన కోసం ఆగడు పిన్నీ, సినిమా అయితే నా వేలి కింద ఉంటుంది, ముక్క ముక్కకీ ఆపుతాను, మాట తట్టకపోతే పక్కనే కూర్చుని మెల్లగా అందిస్తాను, ఎవ్వరికీ తెలియదు అన్నాను. ఉండేది కూడా మన ఆడవాళ్ళే, పరాయివాళ్ళెవరూ లేరన్నాను. ఆమె లేచి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. మర్నాడు పొద్దున నా లాప్‌టాప్ ముందు కుర్చీ లాక్కుని కూర్చుని, పెట్టు అన్నట్టు వేలు చూపించింది. రెండుసార్లు మొత్తం చూసింది. నవ్వాల్సిన చోట కూడా నవ్వలేదు, పరీక్షకు చదివినట్టు చూసింది.

శనివారం చీకటి పడుతుండగా చర్చి పక్క హాలు నిండిపోయింది. సగం మంది కల్లాల్లోంచి తిన్నగా వచ్చేశారు. చీరలకి మిరప ఘాటు, హాలంతా తుమ్ములు, దగ్గులు. మా ఆడవాళ్ళు గుసగుసలాడటం నేనెన్నడూ వినలేదు, పక్కనున్న మనిషితో కూడా పొలం అవతలి గట్టుకి వినబడేలా మాట్లాడతారు. పిన్ని మైకు ముందు నిలబడగానే టీచరమ్మ వచ్చిందే అని ఒకటే గోల. ఆ తర్వాత ఆ గోల తగ్గిపోయింది. ఆమెకి ఎలా ఉందో, ఏం చేస్తుందో అని అందరూ ఆమె మూతివంకే చూస్తున్నారు. కింద చిన్న స్టూలు మీద కూర్చుని నేను లాప్‌టాప్ కీ మీద వేలు పెట్టుకున్నాను.

మొదట్లో బాగానే సాగింది. మేనత్త తాళంచెవి ఆడించుకుంటూ ఏదో అంటుంది, నేను ఆపుతాను, పిన్ని చెబుతుంది. నా ఇంట్లో తేయాకు చెట్లకి కాయడం లేదు అంటుంటే అచ్చం మేనత్తలాగే మూతి బిగించింది. ఆడవాళ్ళు నవ్వారు. మేనత్త నేను అన్నచోటల్లా పిన్ని కూడా నేను అంటుంది కదా, ముందు వరుసలో ఒకామె అలవాటు చొప్పున స్తోత్రం అని కూడా అనేసింది. పక్కావిడ మోచేత్తో పొడిచింది. నాకు ధైర్యం వచ్చింది. హమ్మయ్య, గట్టెక్కాం అనుకున్నాను.

అంతలో గుర్రబ్బండి వచ్చే చోట పిన్ని ఆగిపోయింది. గుర్రం అనాలి. రాలేదు. నేను వంగి గుర్రం అని అందించాను. ఆ దిక్కుమాలిన మైకు నా గొంతు కూడా పట్టేసింది. హాలంతా నా గుర్రం వినబడింది. ఎవరూ నవ్వలేదు. అదే నవ్వినా బాగుండేది. మధ్య వరుసలోంచి ఎవరో, పాపం అన్నారు.

ఆ మాట పిన్నికి వినబడింది. ఆమె మైకుని అరచేత్తో మూసి నావైపు వంగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఇక దిగిపోతుంది, అయిపోయింది అనుకున్నాను.

"ఇంక అందించకు," అంది.

అందించకపోతే ఎలా అని నేను అనేలోపే మళ్ళీ నిటారుగా నిలబడింది. చేసేది లేక సినిమా వదిలాను.

తర్వాత వచ్చేది పెద్ద భోజనం ఘట్టం. మేనత్త తన మేనకోడలికి ఒక లావుపాటి జమీందారును కుదర్చాలని అందర్నీ విందుకి పిలుస్తుంది. బల్ల చుట్టూ అందరూ కూర్చుంటారు. ఒక కుర్చీ మాత్రం ఖాళీ. ఆ ఊరి పాస్టరు లేచి భోజనానికి ప్రార్థన మొదలుపెడతాడు. ఆయన చేసే ప్రార్థన ఎంత పొడుగంటే ఎదురుగా ఉన్న మాంసం చల్లారిపోతుంది, అందులోనే హాస్యం. బల్ల దగ్గర అందరూ కళ్ళు మూసుకుని ఉండగా ఆ ఆస్తిలేని కుర్రాడు కిటికీలోంచి లోపలికి దూకి, మునివేళ్ళ మీద నడుచుకుంటూ వచ్చి, ఖాళీ కుర్చీలో కూర్చుని, ఒళ్ళో గుడ్డ పరుచుకుని, చేతులు జోడించుకుంటాడు. సినిమా మొత్తానికీ గొప్ప నవ్వు అక్కడే. నేను దాని కోసమే ఎదురుచూస్తున్నాను.

పాస్టరు లేచాడు. పిన్ని గొంతు మారింది. సభల్లో ప్రార్థన తర్జుమా చేసేటప్పటి గొంతు అది. కృపగల దేవా, మా యెదుట ఉంచిన ఈ ఆహారము నిమిత్తము నీకు వందనాలు అని మొదలుపెట్టింది. ఆ మాటలు ఆమె జీవితమంతా పలికినవి. ఒక్కటి కూడా ఆగలేదు. నాకు సంతోషంతో ఒళ్ళు పులకరించి, ఆపడం కూడా మర్చిపోయి సినిమాని అలా పోనిచ్చాను.

తీరా వెనక్కి తిరిగి చూస్తే ఏముంది. హాలు హాలంతా కొంగులు తల మీదకి లాక్కుని, కళ్ళు మూసుకుని, తలలు వంచుకుని కూర్చుంది. ఒక్కరంటే ఒక్కరు తెర వంక చూడటం లేదు. ప్రార్థన అన్నాక కళ్ళు తెరుస్తారా మరి. తెర మీద తెల్లవాళ్ళు కళ్ళు మూసుకున్నారు, తెర ముందు మావాళ్ళు కళ్ళు మూసుకున్నారు. పాపం ఆ కుర్రాడు అంత కష్టపడి కిటికీ ఎక్కి దూకుతుంటే చూసింది నేనూ, పిన్నీ, ఇద్దరమే. తర్జుమా చేసేవాళ్ళు ప్రార్థనలో కూడా కళ్ళు మూసుకోరు, మూసుకుంటే అవతలి మనిషి ఎక్కడ ఆపాడో తెలియదు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పిన్ని మాత్రం చెదరకుండా ప్రార్థన నడిపించింది. ఆమేన్ అనగానే హాలంతా గట్టిగా ఆమేన్ అని కళ్ళు తెరిచింది.

తెర మీద మేనత్త కెవ్వుమంది, నేను అక్కడ ఆపాను. హాల్లో అంతకంటే పెద్ద గోల. ఈయనెప్పుడొచ్చాడే, ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడే అని అందరూ ఒకేసారి అడిగేస్తున్నారు. ఒకామె లేచి నిలబడి నన్నే నిలదీసింది. అక్కడేదో ముద్దు ఉండి ఉంటుందనీ, అమ్మగారు చెప్పి కోయించేసిందనీ, ముక్క కోస్తే కోశావు గానీ కథైనా తెలియనివ్వొద్దా అనీ. అమ్మగారు నేనేం కోయించలేదని మొత్తుకుంటోంది. వెనక్కి తిప్పి మళ్ళీ వేస్తాను, కాస్త నోరు మూసుకోండి తల్లుల్లారా అని నేను అరిచి కీ మీద చెయ్యి వెయ్యబోయాను.

పిన్ని నా చెయ్యి పట్టుకుని పక్కకి నెట్టింది. తెర మీద బొమ్మ నిలిచిపోయి ఉంది, మేనత్త నోరు తెరుచుకుని ఉంది. పిన్ని మైకు నోటి దగ్గరికి తెచ్చుకుంది. మీరు కళ్ళు మూసుకున్నారు, నేను చూశాను, చెబుతాను వినండి అంది. వెనక ఇంగ్లీషు లేదు, తర్జుమా చెయ్యడానికి ఎవరి మాటా లేదు. ఉన్నదంతా ఆమె మాటే. అలవాటు కొద్దీ ఆ కుర్రాడి తరపున నేను అనే చెప్పడం మొదలుపెట్టింది. నేను బయట వానలో తడుస్తున్నాను. లోపల నా పిల్లని ఆ లావాయనకి ఇచ్చేస్తున్నారు. ప్రార్థన మొదలైంది. అందరూ కళ్ళు మూసుకున్నారు. ఇదే సమయం అనుకున్నాను. నా బూట్లకి బురద. కాలెత్తాను. ఎత్తి...

ఆగింది.

కిటికీ. ఆ ఒక్క మాట. నా నాలుక చివర ఉంది, హాల్లో ప్రతి మనిషికీ తెలిసిన మాట, హాలుకి నాలుగు వైపులా ఉన్నవీ అవే. ఆమెకి రావడం లేదు. పెదవులు కదులుతున్నాయి, శబ్దం రావడం లేదు. మెడ మీద నరం లేచింది. ఒక్కసారి అందిద్దామని నోరు తెరిచి, ఆమె చెప్పిన మాట గుర్తొచ్చి నాలుక కరుచుకుని ఊరుకున్నాను. మధ్య వరుసలోంచి ఒకామె ఉండబట్టలేక, గుమ్మంలోంచా అంది. ముందు వరుసలో గోడకి ఆనుకుని కూర్చున్న ముసలామె ఉంది. జీవితమంతా కూలికి పోయిన మనిషి, చర్చి మొత్తానికీ పెద్ద నోరు ఆమెదే.

"నువ్వు నోరు ముయ్యవే. టీచరమ్మ చెబుద్ది," అంది.

అంతే. హాలు మూగబోయింది. పాస్టరు గారి ప్రసంగంలో కూడా వంట సంగతులు మాట్లాడుకునే మా ఆడవాళ్ళు ఒక్కరూ కదల్లేదు. ఫాను తిరుగుతున్న చప్పుడు. ఎవరికో మిరప ఘాటుకి దగ్గు వస్తే కొంగు నోట్లో కుక్కుకుంది. ఎవరూ జాలిగా చూడటం లేదు. ఆ కుర్రాడు ఎక్కణ్ణుంచి వచ్చాడో తెలుసుకోవాలని ముందుకి వంగి ఎదురు చూస్తున్నారు. పిన్ని వాళ్ళని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. మైకుని నోటికి ఇంకాస్త దగ్గరగా తెచ్చుకుంది.

కిటికీ, అంది. కిటికీలోంచి దూకాను.

హాలు పైకప్పు లేచిపోయింది. చప్పట్లు, ఈలలు, తొడలు చరుచుకోవడం. కొందరికి నవ్వి నవ్వి పొలమారింది. పిన్ని ఇంకా వదల్లేదు. మునివేళ్ళ మీద నడిచి చూపించింది, కుర్చీలో కూర్చుని ఒళ్ళో గుడ్డ పరుచుకుని, అందరికంటే భక్తిగా చేతులు జోడించింది. మేనత్త ఎందుకు తరిమెయ్యలేదు అని ఎవరో అడిగితే, ప్రార్థన అయిపోయిన బల్ల దగ్గర్నుంచి మనిషిని ఎలా లేపుతారు అంది. లేపకూడదమ్మా, తప్పు అని హాలంతా ఒప్పుకుంది. మా కాలేజీలో పిల్లలకి అది వివరించి చెప్పడానికి నేను ఎంత తంటాలు పడ్డానో. వీళ్ళకి చెప్పనక్కర్లేదు, వీళ్ళు ఇళ్ళల్లో అదే చేస్తారు. నేను మాత్రం స్టూలు మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడుస్తున్నాను. నవ్వుతోందనుకుని ఎవరూ పట్టించుకోలేదు, అదొక మేలు.

తర్వాత సినిమా అంతా అలాగే నడిచింది. ఆమె చాలాచోట్ల ఆగింది. ఆగినప్పుడల్లా వాళ్ళు ఊరుకున్నారు, మాట వచ్చాక నవ్వారు. దొరకని మాట ఒకటి రెండు అసలు రాలేదు కూడా, వాటిని వదిలేసి పక్కదారిన పోయి చెప్పేసింది. చివరి ముద్దుకి నేను చెయ్యి అడ్డం పెట్టేలోపే పిన్ని, పెళ్ళి ఖాయమైంది, ఇంక లేవండి, ఇళ్ళకి పోండి అని కట్టేసింది. అమ్మగారు ఊపిరి పీల్చుకుంది.

మర్నాడు ఆదివారం. ఆరాధన అయ్యి మేం ఇంటికి వచ్చేసరికి వెనకాలే సెక్రెటరీ గారు వచ్చాడు. రాత్రి సంగతి ఆయన భార్య చెప్పి ఉంటుంది. కుర్చీ అంచు మీద కూర్చుని, తాడేపల్లి ఆయనకి ఇంకా మాట ఇవ్వలేదండీ, టీచరమ్మగారు మొదటి రోజు ఒక్క పూట నిలబడితే జనం సంతోషిస్తారు, కష్టమైతే మిగతావన్నీ ఆయన చూసుకుంటాడు అన్నాడు. పాపం ఎంత జాగ్రత్తగా అన్నాడో. నేను పిన్ని తరపున ఏదో అనబోతే పిన్ని చెయ్యెత్తి నన్ను ఆపింది.

ఆమె పెదవులు కదిపింది, మాట ఇంకా రాలేదు. అడగడం తప్పయిందేమోనని ఆయన లేవబోయాడు. నేను కళ్ళతోనే కూర్చోమన్నాను. కూర్చున్నాడు. పిన్ని ఆయన మొహంలోకి చూస్తూ, ఒక్కో మాటా తెచ్చుకుని చెప్పింది.

"అన్ని పూటలూ నేనే చేస్తాను. ఆ వచ్చే ఆయన్ని కాస్త మెల్లగా మాట్లాడమనండి."